బల్ల మీద కాచిగూడ

మా గల్లీలోకి వచ్చి సుదర్శన్ ఇల్లు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేరు. తువ్వాలు సుదర్శన్ అని అడగాలి. అప్పుడు ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. కూతురు జ్యోతిర్మయి బడికి పోయే రోజుల్లో దాని మణికట్టుకు ఒక తువ్వాలు కొస కట్టి, రెండో కొస తన మణికట్టుకు కట్టుకుని తార్నాక చౌరస్తా దాటించేవాడు. బోనాలకు పోయినా అంతే, ఎగ్జిబిషన్‌కు పోయినా అంతే. పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది. "చెయ్యి పట్టుకోవచ్చు గద, మేకపిల్ల లెక్క కట్టుడేంది?" అని ఎవరైనా అంటే, "నా చేతుల మీద నాకు నమ్మకం లేదు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆ పిల్లకు పెళ్లయి ఇప్పుడు మల్కాజ్‌గిరిలో కాపురం ఉంటోంది. సీతాఫల్‌మండిలో బండెక్కితే ఇట్టే చేరిపోయే ఆ ఇంటికి సుదర్శన్ ఎప్పుడూ బస్సు మీదే పోతాడు. రైలు ఎక్కడు.

నా పేరు కమలాదేవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో భూగోళశాస్త్ర శాఖ ఆఫీసులో సూపరింటెండెంటుగా పని చేసి రిటైరయ్యాను. నాకు కోపమెక్కువని శాఖలో పేరు. ప్రొఫెసర్లు కూడా సంతకాల కోసం నా బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవారు. సుదర్శన్ మా శాఖలోనే నమూనాలు చేసేవాడు. పిల్లలకు కొండలూ నదులూ కాగితం మీద చెబితే ఎక్కడ ఎక్కుతాయి? అందుకని అట్టముక్కలు మెట్లుమెట్లుగా పేర్చి, పైన ప్లాస్టర్ పూసి, రంగులు వేసి, బల్ల మీద నల్లమల కొండలూ కృష్ణ లోయా కట్టి పెట్టేవాడు. అది అతని ఉద్యోగం.

ఆ పనిలో అతనికొక పట్టింపు ఉండేది. సర్వే పటంలో ఉన్నదాన్ని మాత్రమే జిగురుతో అతికించేవాడు. పటంలో లేనిది, తను ఊహించి పెట్టినది, ఒక గుట్టో చెట్టో ఏదైనా సరే, మైనంతో నిలబెట్టేవాడు. "రేపు ఎవలన్న తెలిసినోళ్లు వచ్చి గీడ కాదు గాడ అంటే జరపాలె గద మేడం. తెలిసినదే అతికియ్యాలె. తెల్వంది అతికిస్తే అది అబద్ధమైతది." ఎండాకాలం మైనం మెత్తబడి, నల్లమలలో చెట్లు పక్కకు వాలిపోయేవి. నేను వేళాకోళం చేసేదాన్ని, "సుదర్శన్, నీ అడవి కల్లు తాగినట్టుంది" అని.

ఒకరోజు నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక వరండాలో పాత మ్యాపుల గది ఖాళీగా పడి ఉంది, దాని తాళంచెవి కావాలన్నాడు.

"ఎందుకు?"

"స్టేషన్ కట్టుకుంట మేడం. కాచిగూడ. పాతకాలంది, మీటర్‌గేజీ అప్పటిది."

నాకు నవ్వొచ్చింది. పెళ్లీడు కూతురున్న మనిషికి రైలు బొమ్మ సరదా పుట్టిందనుకున్నాను. "ముసలితనంలో ముద్దులాటలా?" అన్నాను. అతను నవ్వలేదు. కుర్చీ కూడా లాక్కోకుండా, నిలబడే చెప్పాడు.

"నాకొక తమ్ముడుండె మేడం. పరుశురాం. కాచిగూడల తప్పిపోయిండు. నా చెయ్యిల నుంచే."

అతను చెప్పింది ఇది. తండ్రి వీరస్వామి మా క్యాంపస్ హాస్టళ్లలో తోటమాలి. ఒక ఎండాకాలం చిన్నమ్మ పెళ్లికని జడ్చర్ల పక్క ఊరికి పోయి, నలుగురూ తిరుగు బండిలో కాచిగూడలో దిగారు. సుదర్శన్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు, పరుశురాంకు నాలుగు. తండ్రి రిక్షా మాట్లాడటానికి బయటికి పోయాడు. తల్లి లచ్చమ్మ మూటతో ఒక స్తంభం దగ్గర కూర్చుంది. సుదర్శన్ ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో తమ్ముణ్ని పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. అప్పుడే పక్కన ఇంకో బండి కదలబోతోందట, జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. చెంబు నింపుతుంటే తడి చేతిలోంచి తమ్ముడి వేళ్లు జారిపోయాయి. తిరిగి చూస్తే పిల్లవాడు లేడు.

"ఆ ఏళ్లు జారుడు నాకింక తెలుస్తనే ఉంటది మేడం. అన్నం కలుపుతుంటే గూడ తెలుస్తది."

వీరస్వామి, కూలీలు, పోలీసులు అందరూ నల్లా వైపు వెతికారు. గూడ్సు షెడ్డు దాకా, పట్టాల వెంట, ఆగి ఉన్న వ్యాగన్ల కింద. లచ్చమ్మ మాత్రం భయంతో దిక్కు తెలియక రెండో వైపు, బయటి గేటు వైపు, ఒక్కతే అరుచుకుంటూ పరుగెత్తిందట. పిల్లవాడు దొరకలేదు. ఆ రాత్రి వీరస్వామి పెద్దకొడుకును గొడ్డును బాదినట్టు బాదాడు. బతికినన్నాళ్లూ సుదర్శన్‌ను పేరు పెట్టి పిలవలేదు. చెయ్యిడిసినోడా అనే పిలిచాడు. చివరికి చావు మంచం మీద నీళ్లు తాగించబోతే కూడా, "నువ్వొద్దు, నీ చెయ్యి ఒద్దు" అన్నాడట.

"ఇప్పుడు స్టేషన్ కట్టి ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఆనాటి స్టేషన్ ఆనాటి లెక్క నిలబెడితే, నల్లా కాడికెంచి నాలుగేండ్ల పోరడు యాడికి నడిసిపోయెతందుకు దారి ఉన్నదో తెలుస్తది. అవ్వ ఎదురు సూస్తనే ఉన్నది. ఆమె పొయ్యేలోపల చెప్పాలె, వాడు గిట్ల పోయిండే అని. ఇంకేం లేదు." తల్లిని అతను అవ్వా అనే పిలుస్తాడు, వాళ్ల వైపు అలవాటు.

పిచ్చివాడా, ఇన్నేళ్ల తర్వాత బొమ్మల్లో ఏం దొరుకుతుంది అని తిడదామనుకున్నాను. తిట్టే బదులు సొరుగు లాగాను. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను.

ఇక మొదలుపెట్టాడు. నమూనాలు చేసినవాళ్లను చాలామందిని చూశాను, ఇట్లా చేసినవాణ్ని చూడలేదు. ఆ మనిషి కట్టలేదు, పూడిపోయినదాన్ని తవ్వి తీసినట్టు తీశాడు. స్టేషన్ ముందు భాగం అట్టలతో నిలబెట్టి ప్లాస్టర్ పూశాడు. నడుమ పెద్ద గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మినార్లు, కమానులు అన్నీ. సున్నం రంగు నచ్చక గీకేశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ గీకేశాడు. పట్టాలకు సన్న ఇత్తడి తీగ, వాటి కింద అగ్గిపుల్లలు, కంకరకు జల్లించిన ఇటుక పొడి. ప్లాట్‌ఫారం రేకు కప్పు కింద వరుసగా స్తంభాలు. నల్ల ఆవిరి ఇంజనుకు చిన్న మోటారు పెట్టాడు. మీట నొక్కితే మూడు పెట్టెలను లాక్కుంటూ గోడ వెనక నుంచి వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగేది.

కొలతల కోసం కాచిగూడ పోవాలన్నప్పుడు మాత్రం ఒంటరిగా పోలేకపోయాడు. నన్ను తోడు రమ్మన్నాడు. ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకుని లోపలికి పోయాం. టేపు పట్టుకుని ఒక్కో స్తంభాన్నీ కొలుస్తుంటే రైల్వే పోలీసు ఒకాయన వచ్చి, "ఏంది పెద్దమనిషి, స్తంభాలు గొలుస్తున్నవ్? కొంటవా ఏంది?" అన్నాడు. సుదర్శన్ టేపు చుట్టేయబోయాడు. నేనే ముందుకు జరిగి, "యూనివర్సిటీ పని. నీకేమన్న అభ్యంతరమా?" అని నా ఆఫీసు గొంతుతో అడిగాను. ఆయన టోపీ సర్దుకుని పోయాడు. మూడో స్తంభం దగ్గర సుదర్శన్ ఆగాడు. "అవ్వ గీన్నే కూసున్నది," అన్నాడు. స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు. దిగిన జనం మా ఇద్దరినీ తప్పుకుని పోయారు.

ఇప్పుడున్న స్టేషన్‌లో గుమ్మటాలూ స్తంభాలూ తప్ప అన్నీ మారిపోయాయి. ఆనాటి నల్లా ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేకపోయారు. సీతాఫల్‌మండిలో రాంచందర్ అని ఒక ముసలాయన ఉన్నాడని, ఆ రోజుల్లో కాచిగూడలో కూలీగా చేశాడని తెలిసి, సుదర్శన్ ఆయనను ఆటోలో మ్యాపుల గదికి తీసుకొచ్చాడు. ఆయన బల్ల చుట్టూ తిరిగి, కళ్లు తుడుచుకుని, "అరే, అచ్చం గిట్లనే ఉండె" అన్నాడు. నల్లా ఎక్కడ అని అడిగితే ప్లాట్‌ఫారం చిట్టచివర వేలు పెట్టాడు.

"నడుమ ఉండాలె గద పెద్దాయనా? మేము కూసున్న కాడికి దగ్గర?" అన్నాడు సుదర్శన్.

"నడుమ నల్లా ఉండె గని, అది ఎన్నడు పనిచేసింది? ఎండకాలం నీళ్లంటే ఆ కొసకే పోవాలె, ఇంజన్లకు నీళ్లు పట్టే కాడికి."

రాంచందర్‌ను దింపి వచ్చాక సుదర్శన్ నల్లాను ఆ చివర జిగురుతో అతికించాడు. అక్కడి నుంచే అతని ప్రాణం మీదికి వచ్చింది.

ఎందుకంటే లెక్క కుదరలేదు. పెళ్లింట్లో పరుశురాం కాలికి తుమ్మముల్లు దిగిందని, కుంటుతున్నాడని, దారంతా లచ్చమ్మే చంకనెత్తుకుని తెచ్చిందని సుదర్శన్‌కు బాగా గుర్తు. మరి కుంటే పిల్లవాడు ఎర్రటి ఎండలో, కాలిపోతున్న బండల మీద, మూడో స్తంభం నుంచి ఆ కొస దాకా ఎట్లా నడిచాడు? తల్లి ఎట్లా పంపింది? ఎం-సీల్ ముద్దతో నాలుగు బొమ్మలు చేశాడు. బయట రిక్షా దగ్గర తండ్రి. స్తంభం దగ్గర మూటతో తల్లి. నీలం నిక్కరుతో తను. తన చేతికి చెయ్యి ఆనేలా, వడ్లగింజ కన్నా కొంచెం పెద్దగా, పరుశురాం. మనుషులెవరినీ అతికించలేదు, మైనంతో నిలబెట్టాడు. ఆ ఇద్దరు పిల్లలను ఇక్కడ పెడతాడు, అక్కడ పెడతాడు, గడ్డం ప్లాట్‌ఫారానికి ఆనించి ఒక కన్ను మూసి చూస్తాడు. మళ్లీ పీకుతాడు. రోజులు గడిచేకొద్దీ ప్లాట్‌ఫారం పొడవునా మైనపు మరకలు పడ్డాయి. ఏ మరక దగ్గరా అతనికి జవాబు దొరకలేదు.

అప్పటికి నేను రిటైరయ్యాను. తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉంచి వచ్చాను. అప్పుడప్పుడు పోయి చూసేదాన్ని. మనిషి సగమైపోయాడు. "ఎట్ల తీసుకపోయిన మేడం నేను వాణ్ని గంత దూరం? ఎత్తుకున్ననా? ఎత్తుకుంటే చెయ్యి జారుడేంది?" అని నన్ను అడిగేవాడు, నేను కూడా ఆ రైలు దిగినట్టు.

"మీ అమ్మనే అడగరాదా?"

"అడుగుతనే ఉన్న. యాదికి లేదంటది. నువ్వెందుకు గేటు దిక్కు ఉరికినవే అవ్వా అని అడిగిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నది."

ఇంట్లో అతని భార్య వాసంతి సంగతి చెప్పాలి. తార్నాకలో బ్లౌజులు కుడుతుంది, మాట కూడా సూదిలాగే ఉంటుంది, కానీ మనసు మంచిది. ఒకనాడు నా ముందే అతణ్ని నిలదీసింది. "ఇంట్ల బతికున్న మనుషులం ఉన్నం. మమ్ములను గూడ ఎం-సీల్‌తోని చేసుకుంటే చూస్తవా?" సుదర్శన్ తల వంచుకున్నాడు. వాసంతి కళ్లనీళ్లు పెట్టుకుని నా వైపు తిరిగింది. "పెండ్లయిన కాడికెంచి ఈయన నా చెయ్యి పట్టుకొని నడువలే మేడం. ఒక్కసారి గూడ."

ఈలోగా లచ్చమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. రక్తం శుద్ధి చేయించడానికి కొన్నాళ్లు ఆసుపత్రికి తిప్పారు. తర్వాత ఆమె ఇక రానని మంచం పట్టుకుంది. బలవంతం చేయవద్దని, ఎక్కువ కాలం లేదని డాక్టరు వాసంతితో చెప్పాడు.

అట్లా ఉండగానే పెత్రామాస వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు కదా. వాళ్లింట్లో ప్రతి ఏడూ అదొక గండం. వీరస్వామి పేరు చెబుతారు, అతని తల్లిదండ్రుల పేర్లు చెబుతారు. పరుశురాం పేరు మాత్రం లచ్చమ్మ చెప్పనివ్వదు. బియ్యమిస్తే వాడు చచ్చిపోయినట్టే కదా. ఆ ఏడు సుదర్శన్ ఓపిక తెగింది. నేను కూరగాయల సంచీతో అటు పోతూ గుమ్మంలో ఆగాను కాబట్టి విన్నాను.

"ఎన్నేండ్లే అవ్వా? ఉన్నోళ్లల్ల కలుపుతలేము, పోయినోళ్లల్ల కలుపుతలేము. వాడు యాడ ఉండాలె మరి? నేను ఇడిసిన, నిజమే. నా చెయ్యి ఇరగ. చెప్పు, గా పొద్దు నేను ఎటు తీసుకపోయిన వాణ్ని? నువ్వు సూసినవ్ గద! నాకు పిస్స లేస్తున్నదే!" అని తల గోడకేసి కొట్టుకున్నాడు. ఒక్కసారి కాదు. వాసంతి పోయి తలకూ గోడకూ నడుమ చెయ్యి పెట్టింది.

లచ్చమ్మ మంచంలో కొడుకు వైపు తిరిగింది. తర్వాత, "నువ్వు కట్టిన టేషన్ యాడున్నది? నన్ను గాడికి తీస్కపో" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో క్యాంపస్‌కు తీసుకొచ్చారు. నన్నూ రమ్మన్నారు. వరండా మెట్ల మీదుగా ఆమెను ప్లాస్టిక్ కుర్చీతో సహా సుదర్శన్, ఆటో డ్రైవరు ఎత్తి గదిలో దించారు. కుర్చీ పొట్టిది కావడంతో ఆమె కళ్లు సరిగ్గా ప్లాట్‌ఫారం ఎత్తుకు వచ్చాయి. గది నిండా ఫెవికాల్ వాసన.

ఆమె ముందు గుమ్మటం చూసింది. తర్వాత రేకు కప్పు, స్తంభాలు. సుదర్శన్ మీట నొక్కాడు. చిన్న ఇంజను టకటకమంటూ గోడ వెనక నుంచి వచ్చి, మూడు పెట్టెలతో ప్లాట్‌ఫారం పక్కన ఆగింది. లచ్చమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది, నిజం బండి మీదికి వచ్చినట్టు.

"గీ మూట కాడ కూసున్నది నేనేనా?"

"నువ్వే అవ్వా."

"గీ నీలం లాగు?"

"నేను."

"వాని చేతిల ఉన్నది?"

"పరుశు," అన్నాడు. ఆ ఇద్దరు పిల్లలూ అప్పుడు నల్లా దారిలో సగం దూరంలో నిలబడి ఉన్నారు.

లచ్చమ్మ చెయ్యి చాచింది. రెండు వేళ్లతో ఆ వడ్లగింజంత పిల్లవాణ్ని పట్టుకుని లాగింది. మైనం తీగలా సాగి తెగింది. వాణ్ని అన్న చేతిలోంచి తీసి, ప్లాట్‌ఫారం మీదుగా వెనక్కి తెచ్చి, మూడో స్తంభం దగ్గర తన బొమ్మ పక్కన నిలబెట్టింది. వాడు పడిపోయాడు. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ పడ్డాడు. చివరికి మూటకు ఆనించి పెట్టింది.

"వీడు గీన్నే ఉండె," అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది, కళ్లు ఆ బొమ్మ మీది నుంచి తిప్పకుండా.

"నీకు చెంబిచ్చి నల్లా కాడికి నేనే తోలిన బిడ్డా. ఒక్కనివే పోయినవ్. వాని కాలుకు ముల్లుండె, గంత దూరం ఎట్లొస్తడు? నా చెయ్యే పట్టుకొని ఉన్నడు. మీ నాయిన గేటు కాడికెంచి రిక్షా దొరికిందని కేకేసిండు. మూట నెత్తికెత్తుకుందామని లేసిన. మూటకు రెండు చేతులు గావాలె గద బిడ్డా. ఇడిసిన. నెత్తి మీద పెట్టుకొని సూసేవరకు లేడు."

సుదర్శన్ తన కుడి అరచేతిని చూసుకుంటున్నాడు.

"మరి నా చెయ్యి తడిసుండె గద అవ్వా. ఏళ్లు జారినయి గద."

"చెంబు జారినట్టుంది నీకు. నీళ్లన్ని మీద పోసుకొని, అంగి తడుపుకొని వచ్చినవ్. మీ నాయిన ఉరికొచ్చి, పోరడేడి, ఎవలు ఇడిసిన్రు అన్నడు. నువ్వు గప్పుడే వచ్చి ముందర నిలబడ్డవ్. వీడు నల్లా కాడికి తీస్కపోయిండు అన్న. నా నోట్లకెంచి వచ్చింది గంతే."

"ఎందుకే?"

"నిన్నైతే కొట్టి ఊకుంటడు. నన్నైతే ఇంట్లకెంచి ఎల్లగొడ్తడు. ఎల్లగొడితే నిన్నెవలు సాదుతరనుకున్న." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "ఎల్లుండి చెప్తా, పెత్రామాస ఎల్లినంక చెప్తా అనుకుంట అనుకుంట గిట్లైంది. నువ్వు గూడ నేనే ఇడిసిన అని చెప్పవడితివి. ఏళ్లు జారినయి అంటివి. నీకే యాదున్నట్టు చెప్తుంటే నేనేం చెప్పాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. చావుకు దగ్గరున్న ముసలిదని కూడా చూడకుండా ఆ కుర్చీ పట్టుకుని ఊపేద్దామనిపించింది. ఒక పసివాడి నెత్తిన ఎత్తాల్సిన మూటనా అది? వాడి పెళ్లాం చెయ్యి, వాడి బిడ్డ చెయ్యి, అన్నీ పోయాయి కదా ఆ ఒక్క మాటకు. వాసంతి ముఖం చూస్తే ఆమెకూ అదే కోపం. కానీ సుదర్శన్ ముఖంలో కోపం లేదు. అతను ప్లాట్‌ఫారం వైపు చూస్తున్నాడు, ఈ కొస నుంచి ఆ కొసకు. ఏం లెక్క కడుతున్నాడో కొంతసేపటికి నాకు అర్థమైంది.

"అవ్వా," అన్నాడు మెల్లగా. "నేను నల్లా కాడ ఇడిసిన్నని అందరు నల్లా దిక్కే దేవులాడిన్రు. పోలీసోళ్లు గూడ. వాడు గీడ తప్పిపోయిండు. గేటు దిక్కో, గా కదిలిపోయిన బండిలకో. ఎవలు సూడలే."

"నేను సూసిన," అంది లచ్చమ్మ. "నేను గేటు దిక్కు ఉరికిన బిడ్డా. ఒక్కదాన్నే ఉరికిన. అందరు అటు పోతుంటే నేను ఇటు ఉరికిన. రోడ్డు దాక పోయిన. పరుశూ పరుశూ అని ఒర్రిన. పిస్సదనుకున్నరు."

ఆమె ఏడవలేదు. ఏడవడానికి ఒంట్లో నీళ్లే లేవేమో. వాసంతి సుదర్శన్ భుజం మీది తువ్వాలు తీసి ఆమె నోటి చుట్టూ తుడిచింది. కోపంగానే తుడిచింది, కానీ తుడిచింది.

సుదర్శన్ బయటికి పోయాడు. ఎంతకీ రాకపోతే నేను వరండాలోకి పోయి చూశాను. గోడ పక్కనున్న నల్లా విప్పి, దాని కింద కుడిచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి పోతున్నాయి. సీతాఫల్‌మండి వైపు రైలు కూత వినిపించింది. నల్లా కట్టేసి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని లోపలికి నడిచాడు.

అలమరలోంచి ఫెవికాల్ డబ్బా తీశాడు. నీలం నిక్కరు పిల్లవాణ్ని పీకి, కాళ్ల కింది మైనం గోరుతో శుభ్రంగా గీకి, ప్లాట్‌ఫారం చిట్టచివర నల్లా పక్కన నిలబెట్టి అతికించాడు. ఒంటరిగా. తర్వాత మూడో స్తంభం దగ్గరికి వచ్చి తల్లి బొమ్మను తీసి, దానికీ జిగురు రాసి, ఉన్నచోటే అతికించాడు. ఆరేదాకా వేలితో అదిమి పట్టుకున్నాడు. లచ్చమ్మ ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

మూటకు ఆనుకుని పరుశురాం అట్లాగే ఉన్నాడు. సుదర్శన్ వాణ్ని తీసి, కాలి కింద కొత్త మైనం పెట్టి, అక్కడే నిలబెట్టాడు. జిగురు డబ్బా మూత బిగించాడు.

"వాణ్ని అతికించవా?" అన్నాను.

"వాడు యాడున్నడో నాకు తెల్వది గద మేడం," అన్నాడు.